బొంత నాలుగో మూల

పోయిన నెలలో హైదరాబాదు నుంచి నా పేరున ఒక పార్సిలు వచ్చింది. నేను పార్సిళ్ళు పంపే మనిషినే గానీ అందుకునే మనిషిని కాను. అందుకే కొరియరాయన వీధి మొదట్లో నిలబడి నా పేరు అడుగుతుంటే, పంపిందేదో తిరిగొచ్చిందేమో అనుకున్నాను. అనుమానం నిజమే, తిరిగొచ్చిందే. కాకపోతే అది ఎనిమిదేళ్ళ కింద అమ్మిన బొంత. పైన చుట్టిన పట్టా సగం విప్పేసరికి ఇటుకరంగు చీర కనబడింది, దాని మీద తెల్లగుడ్డ కత్తిరించి అతికిన గొర్రె ఒకటి నా వైపే చూస్తోంది. మళ్ళీ చుట్టేసి బియ్యం డబ్బా మీద పెట్టి, వంటింట్లోకి పోయి, పొద్దున కాచిన టీనే ఇంకోసారి కాచాను. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా.

సాయంత్రం ఆ బొంత కొనుక్కున్నావిడ ఫోన్లో మాట పంపింది. బొంత వెనక నా నంబరు కుట్టిన గుడ్డముక్క ఉంటుంది, అది చూసి కనుక్కుందట. "మీ బొంతంటే మా ఇంట్లో అందరికీ ప్రాణమండీ. మా కుక్కపిల్ల ఒక మూల పట్టుకుని లాగేసింది. ఇన్నేళ్ళలో ఇంకెక్కడా ఒక్క కుట్టు కదల్లేదు, ఆ ఒక్క మూలే ఊడింది. కాస్త బాగుచేసి పంపరా?" అంది. ఆ ఒక్క మూలే ఎందుకు ఊడిందో నాకు తెలుసు. అది చెప్పాలంటే మా జేజి దగ్గర మొదలుపెట్టాలి.

మేం దూదేకులవాళ్ళం. మసీదుకు పోతాం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నాయనను నాయన అనే పిలుస్తాం. కళ్యాణదుర్గం వీధుల్లో మా తాతలు విల్లు పట్టుకుని దూది ఏకి పరుపులు కుట్టి బతికారు. నాకు ఊహ తెలిసేసరికే మిషన్లు వచ్చి విల్లు అటకెక్కింది. మగవాళ్ళ చేతిలో పని పోయింది గానీ ఆడవాళ్ళ చేతిలో సూది మిగిలిపోయింది. మా నాయన తల్లిని మేం జేజి అనేవాళ్ళం. ఆమె బొంతలు కుట్టేది. మేం బొంత అంటాం, విడపనకల్లు దాటి కన్నడం వైపు పోతే అదే కౌది. జేజి బొంత అంటే పాతచీరలు నాలుగు పొరలు పరిచి ఊరికే సూది తోలడం కాదు. పైపొర మీద రంగుగుడ్డలతో రేకులు, పిందెలు, నెమళ్ళు, చక్రాలు అతికి, వాటి చుట్టూ వరస వెనక వరసగా కుట్టు నడిపేది. అరచేత్తో తడిమితే కుట్లు కొర్రగింజల్లా సన్నగా తగిలేవి. చివరి రోజుల్లో వాకిట్లోకి ఎవరొచ్చారో పోల్చుకోలేకపోయేది గానీ, నా కుట్టు వంకరపోతే మాత్రం మంచంలోంచే కనబడేది. "తాగినోడు తోలిన సాలు మాదిరి ఉండాది, విప్పు" అనేది. నేను ఆ ఇంట్లో కుట్టిన దానికంటే విప్పిందే ఎక్కువ.

ఆ రోజుల్లో బొంత ఎవరూ కొనేవాళ్ళు కాదు, కుట్టించుకునేవాళ్ళు. ఎవరింటి గుడ్డలు వాళ్ళే మూటగట్టి తెచ్చేవాళ్ళు. పోయిన తల్లి చీర, తండ్రి పంచె, పిల్లకు పొట్టి అయిపోయిన గౌను. ఆ మూటల విషయంలో జేజికి రెండు కట్టుబాట్లుండేవి. ఒక ఇంటి మూటలోని పీలిక కూడా ఇంకో ఇంటి బొంతలో పడకూడదు. రెండోది మూల గురించి. మూడు మూలలు తనే మూసేది. నాలుగో మూల మాత్రం బెత్తెడు తెరిచిపెట్టి, అక్కడ దారం ఎక్కించిన సూది గుచ్చి ఉంచేది. బొంత తాలూకు ఆడమనిషి వచ్చి, తన ఇంటి నుంచి చెంగున ముడేసుకుని తెచ్చిన పిడికెడు జొన్నలో కొర్రలో ఆ సందులో పోసి, తన చేత్తో కుట్టి మూయాలి. దాన్ని బొంతకు కడుపు పెట్టడం అనేవాళ్ళు. అంతవరకూ బొంత పూర్తయినా మా ఇల్లు కదిలేది కాదు. మూల ఎవరు మూస్తే బొంత వాళ్ళది. సూది పట్టడం చేతగాని వాళ్ళు కూడా నాలుక బయటపెట్టి, చెమటలు కక్కుతూ ఆ నాలుగు కుట్లూ వేసేవాళ్ళు. అంతటి పనితనం ఉన్న బొంతకు ఆ మూల మాత్రం కోడి కెలికినట్టుండేది. నాకు ప్రాణం ఉసూరుమనేది. "నువ్వే వేస్తే పోలా జేజీ" అని ఒకసారి అడిగాను. "ఆ బెత్తెడు వాళ్ళది మే, నాది కాదు" అంది. ముసలామె పని తప్పించుకోవడానికి చెప్పే సాకు అనుకున్నాను.

జేజి పోయాక మూటలు తగ్గిపోయాయి. సంతలో పులిబొమ్మ రగ్గులు దిగాయి. అదీగాక వరసగా వానలు పోయి, మూటలు తెచ్చే ఇళ్ళవాళ్ళే మూటాముల్లె సర్దుకుని బెంగుళూరు బస్సెక్కారు. నేను పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్ళ దగ్గర చీరలు తీసుకుని కుట్టి, పట్నాల్లో ప్రదర్శనలకు పంపడం మొదలుపెట్టాను. మొదటిసారి పంపిన నాలుగు బొంతల్నీ దుకాణమాయన వెనక్కి పంపాడు, మూల కుట్టకుండా వదిలేశారు, సరుకులో లోపం ఉంది అని చీటీ రాసి. గుచ్చి ఉంచిన సూది ఆయన వేలికి దిగిందట కూడా. అప్పటి నుంచి నాలుగు మూలలూ నేనే మూసేశాను. గింజలు పోయడం మానేశాను, పురుగు పడుతుందని. కాలంతో పాటు పద్ధతి మారింది అనుకున్నానే తప్ప తప్పు అనుకోలేదు. ప్రదర్శనలో నా మెడకు ఆర్టిస్ట్ అని రాసిన బిళ్ళ తగిలించి ఫోటో తీశారు. అది చూసి మా పక్కింటావిడ, ఏ సినిమాలో వేసినావు అని అడిగింది.

ఇక గొర్రెలక్క. పేరు వేరే ఉంది గానీ మా ఇంట్లో అందరం ఆమెను గొర్రెలక్క అనే పిలిచేవాళ్ళం. షేర్ ఆటోలో అరగంట పోతే వాళ్ళ ఊరు. గొర్రెలు మేపుకునే ఇల్లు. జేజి ఉన్న రోజుల నుంచి మాకు తెలుసు. మేత దొరకని ఒక ఏడు, ఉన్న మందనంతా అమ్ముకుని, భార్యాభర్తలిద్దరూ బెంగుళూరుకు కట్టడాల పనికి బయల్దేరారు. పోయే రోజు పొద్దున్నే ఆమె ఒక మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మాయమ్మ చీరలు రెండు, మా నాయన పంచ ఒకటి ఉండాది పాపా. వాళ్ళవి నాకాడ ఇంకేం లేవు. ఆడ ఇసుకలో సిమెంట్లో నాశనమైపోతాయి. కుట్టి పెట్టు. వచ్చి మూల నేను మూస్తా."

"ఎప్పుడొస్తావక్కా?"

"వానెప్పుడొస్తే అప్పుడు."

వాన మూడేళ్ళు రాలేదు. మూట అటక మీదే ఉంది. కుడదాం కుడదాం అనుకుంటూనే, పట్నం పనుల తొందరలో ముట్టుకోలేదు. మూడో ఏడు ఒక పెద్ద ప్రదర్శనకు పిలుపొచ్చింది. నా దగ్గర మంచి గుడ్డ లేదు. గిన్నెలవాళ్ళు తెచ్చే చీరలన్నీ పాలిస్టరే. సూది దిగితే దారం జారుతుంది, కుట్టు నిలవదు. ఉతికి ఉతికి వెన్నలా అయిన పాత నూలుచీర కావాలి. అది ఎక్కడుందో నాకు తెలుసు. ఊరికే విప్పి చూద్దాం అని అటక నుంచి మూట దించాను. నా ఎరుకలో ఆ మాటే నా మొదటి అబద్ధం, అది నాకు నేను చెప్పుకున్నది. విప్పితే ఇటుకరంగు చీర, నల్లదాని మీద తెల్లచుక్కల చీర, పాలలాంటి పంచె. ఊరికే కొలిచి చూద్దాం అనుకున్నాను. తర్వాత ఊరికే సుద్దతో గీసి చూద్దాం అనుకున్నాను. వాళ్ళిక రారు, వచ్చినవాళ్ళు ఎవరున్నారు, వచ్చినా ఆమెకు ఇంకో మంచి బొంత ఇవ్వొచ్చులే అనుకున్నాను. కత్తెర పెట్టేసరికి నాకు అడ్డు చెప్పే మాటలన్నీ అయిపోయాయి.

ఇటుకరంగు చీరను పైపొరగా పరిచి, పంచెలోంచి గొర్రెలు కత్తిరించి మంద అతికాను. గొర్రెలక్క గుర్తుగా అని సర్దిచెప్పుకున్నాను. చుక్కల చీర చించి వేరే నాలుగు బొంతలకు అంచులు వేశాను. రెండు నెలలు కుట్టాను. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గుగా ఉంది గానీ, నా చేతిలో అంత మంచి బొంత అంతకుముందు రాలేదు, తర్వాతా రాలేదు. నాలుగో మూల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగింది. పక్కన ఎవరో నిలబడి చూస్తున్నట్టు అనిపించి, ఒంటిపేట దారంతో గబగబా నాలుగు కుట్లు వేసి ముడి కొట్టేశాను. ప్రదర్శనలో మొదటి రోజే, మధ్యాహ్నం కాకముందే, కళ్ళద్దాలావిడ ఒకామె ఆ బొంతను రెండు చేతులా పొదివి పట్టుకుని తీసుకుపోయింది. మిగతా నాలుగూ ఎవరెవరో కొన్నారు.

మరుసటి ఏడు వాన పడింది. పడిన వారానికే గొర్రెలక్క మా వాకిట్లో నిలబడింది. నల్లగా, సన్నగా అయిపోయింది, చేతులు సున్నం తిని పగిలిపోయి ఉన్నాయి. చెంగు చివర ఏదో ముడి ఉంది. కొర్రలు. మూల మూయడానికి ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకుంది.

"కుట్టినావా పాపా?" అంది.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నా నోట్లోంచి ఇంకొకటి వచ్చింది. "ఎలుకలు కొట్టేసినాయక్కా. అటక మీద పెట్టింటి. చూసుకోలేదు."

ఆమె చెంగు ముడిని పిడికిట్లో పట్టుకుంది. తర్వాత, "వాటిది మాత్రం ఏం తప్పులే. కరువులో వాటికి యాడుండాది తినేకి" అంది. ఆ మాట అంటూ గడప మీద కూలబడింది. కొంచెం ఆగి, "ఎలుకలు మిగిల్చిన పేలికలన్నా ఇయ్యి పాపా, మాయమ్మవి" అని చెయ్యి చాచింది.

బుద్ధున్న మనిషైతే పారేశానని చెప్పేది. నేను కంగారులో లోపలికి పోయి, పీలికల సంచిలోంచి ఇటుకరంగువీ తెల్లవీ దొరికినన్ని చేత్తో దేవి తెచ్చి ఆమె ఒళ్ళో పోశాను. ఆమె ఒక్కొక్కటే తీసి మోకాలి మీద చదును చేసి చూసుకుంది. అందులో పంచెముక్క ఒకటి చేతికి వచ్చింది. దాని నడుమ ఒక చిల్లు. తల, వీపు, నాలుగు కాళ్ళు, తోకతో సహా గొర్రె ఆకారంలో చక్కగా కత్తిరించిన చిల్లు. ఆమె ఆ చిల్లులో వేలు పెట్టి అంచు చుట్టూ మెల్లగా తిప్పింది.

"ఈ ఎలుకలు గొర్రెల్ని బాగా చూసినట్టుండాయే" అంది.

పేలికలన్నీ మడిచి, కొర్రల ముడి విప్పకుండానే, వచ్చిన దారిన పోయింది. తిట్టి ఉంటే బాగుండేది, నలుగురినీ పిలిచి దుమ్మెత్తిపోసినా బాగుండేది. ఆ తర్వాత బస్టాండులో ఎదురైతే తల ఊపేది, అంతే. నేనే సందు మారి పోయేదాన్ని. ప్రదర్శన పెట్టినవాళ్ళను, ఆ బొంత ఎవరు కొన్నారని ఒకసారి అడిగాను. పేర్లు రాసుకోలేదన్నారు. ఆ మాటకు బాధపడాల్సింది పోయి హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య ఇన్నేళ్ళూ నన్ను గుచ్చుతూనే ఉంది.

బియ్యం డబ్బా మీద ఆ పార్సిలు మూడు రోజులుంది. కుట్టేసి పంపేస్తే పది నిమిషాల పని. ఎవరికీ తెలియదు. నాలుగో రోజు పొద్దున దాన్ని చంకన పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. దారి పొడుగునా పక్కన కూర్చున్నావిడ, బొంత బాగుండాది, యాడ కొన్నావు అని అడుగుతూనే ఉంది. నేను వినబడనట్టు కూర్చున్నాను.

గొర్రెలక్క వాకిట్లో చాప మీద విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. దొడ్లో మళ్ళీ పది పన్నెండు గొర్రెలున్నాయి. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. నేను బొంత ఆమె ముందు పరిచాను. "ఎలుకలు కాదక్కా. నేనే కోసి అమ్ముకున్నా" అన్నాను. దారంతా పెద్ద మాటలు కూడగట్టుకున్నాను గానీ వచ్చింది అంతే.

ఆమె చేతులు చెంగుకు తుడుచుకుని, ఇటుకరంగు గుడ్డ మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు. తర్వాత వంగి గొర్రెల్ని ఒక్కొక్కటే వేలితో తాకుతూ పోయింది. చివరి గొర్రె దగ్గర ఆగి, "చెవులు తప్పు" అంది.

"ఏమక్కా?"

"గొర్రె చెవులు ఇట్ల నిక్కవు పాపా. వాల్తాయి. కుందేళ్ళను మేపినట్టుండాది."

పట్నంలో ఆ బొంతను అంతమంది మెచ్చుకున్నారు, ఒక్కరూ చెవుల సంగతి చెప్పలేదు. దొడ్డివైపు తల తిప్పి చూశాను. నిజమే, అన్నీ వాలిన చెవులే. పుట్టినప్పటి నుంచీ గొర్రెల మధ్య తిరిగిన ఊరు మాది. నేను ఒక్కసారీ తేరిపార చూడలేదు.

"నల్ల చీర ఉండ్లా, చుక్కలది? అది యాడ?" అంది ఆమె.

"నాలుగు బొంతలకు అంచులేసినాక్కా. యాడుండాయో తెలీదు. అది ఇంక రాదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఈసారి ఎలుకలని చెప్పలే" అంది. "అదే మాయమ్మ రోజూ కట్టింది. ఇది పెండ్లి చీర, పెట్టెలో పెట్టుకునేది." నేను తల వంచుకున్నాను.

ఊడిన మూల దగ్గరికి వచ్చి, సందులో రెండు వేళ్ళు పెట్టి చూసి, "కడుపు ఖాళీగా పెట్టినావే" అంది. నేను తెచ్చిన సూదీ దారం ముందు పెట్టాను. ఆమె ముట్టుకోలేదు. "నేను మూస్తే ఇది నాదైతాది. మీ జేజి పద్ధతి నాకు తెలుసు. నాదైనంక నువ్వు ఆ పట్నం యమ్మకు పంపలేవు. చూసుకో" అంది.

హైదరాబాదావిడకు నేను ఏమీ చెప్పి రాలేదు. ఆవిడ తప్పేమీ లేదు, బజార్లో ఇష్టపడి కొనుక్కుంది, ఎనిమిదేళ్ళు కప్పుకుంది. అదంతా తెలిసే, "మూయక్కా" అన్నాను.

ఆమె లోపలికి పోయి పిడికెడు కొర్రలు తెచ్చి ఆ సందులో పోసింది. సూది తీసుకుని దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. వెలుతురు వైపు తిప్పి చూసింది, ఎక్కలేదు. నాకిచ్చింది. నేను కళ్ళద్దాలు తెచ్చుకోలేదు. నోట్లో తడిపి, మెలిపెట్టి, నాలుగైదు సార్లు ప్రయత్నించాను. ఒకప్పుడు మాటల్లో ఉండి చూడకుండా ఎక్కించేదాన్ని. చివరికి ఆమె సూది పట్టుకుంటే నేను దారం తోశాను, ఎట్లాగో దూరింది. ఆమె పగిలిన చేతులతో, ఒకటి పొడుగూ ఒకటి పొట్టీగా, ఏడు కుట్లు వేసి ముడి కొట్టి, పంటితో దారం తెంపింది. బొంత మడిచి ఒళ్ళో పెట్టుకుంది. పోయిరా అనలేదు, మళ్ళీ రా అనలేదు. నేను లేచి వచ్చేస్తుంటే మాత్రం, "ఎండగా ఉండాది, మజ్జిగ తాగి పో" అంది. తాగి వచ్చాను.

హైదరాబాదావిడకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆవిడకు కోపం వచ్చింది. "అది నా బొంత కదండీ. నన్నొక మాట అడగొద్దా?" అంది. అడగాల్సింది. ఒకరి వస్తువును ఇంకొకరికి ఇచ్చేయడం నాకు అలవాటైనట్టుందని నాకే అనిపించింది. ఇంకో బొంత కుట్టి ఇస్తానన్నాను. అట్లాంటి పాతగుడ్డ మళ్ళీ దొరుకుతుందా అని అడిగింది. దొరుకుతుందన్నాను. అది కూడా ఎక్కడుందో నాకు తెలుసు.

జేజి చీరలు మూడు మా ఇనప్పెట్టెలో ఉన్నాయి. ఆమె పోయినప్పటి నుంచి ఎన్ని కరువులొచ్చినా, ఎంత పెద్ద ప్రదర్శనలొచ్చినా వాటి జోలికి పోలేదు. ఇంకొకరి తల్లి చీర కొయ్యడానికి వచ్చిన చెయ్యి, వీటి దగ్గరికి వచ్చేసరికి రాలేదు. ఇప్పుడు అవే నేల మీద పరిచి, నాలుగు వైపులా రాళ్ళు పెట్టి కుడుతున్నాను. కత్తెర పెట్టే ముందు ముఖానికి ఆనించుకుని చూశాను, జేజి వక్కాకు వాసన ఏమన్నా మిగిలి ఉందేమోనని. ఇనప్పెట్టె వాసన తప్ప ఏమీ లేదు. ఏడుపొచ్చింది, ఏడ్చి కూర్చున్నాను. ఆమె ఉంటే ఈ వరసలు కూడా విప్పమనేదే. ఈసారి మంద జోలికి పోలేదు, రేకులే అతుకుతున్నాను.

మూడు మూలలు మూశాను. నాలుగోది బెత్తెడు తెరిచి, దారం ఎక్కించిన సూది గుచ్చి, ఇంట్లో ఉన్న గింజలేవైనా పిడికెడు పోసి మీరే మూయండి అని చీటీ రాసి పంపుతాను. ఆవిడ మూస్తుందో, లోపమని వెనక్కి పంపుతుందో తెలియదు. జేజి ఒక్క మాటలో చెప్పేసిన సంగతి, ఆ బెత్తెడు నాది కాదని, నాకు తలకెక్కేసరికి సూదిలో దారం ఎక్కించే చూపు కూడా పోయేంత కాలం పట్టింది.